నీళ్లు తాగమనడం తేలికే

ఒంట్లో నీరసంగా ఉందని ఎవరితో అన్నా మొదట వచ్చే ప్రశ్న, "నీళ్లు సరిగ్గా తాగుతున్నావా?" స్టాఫ్ రూములో అదే మాట, వాట్సాప్ గ్రూపులో అదే మాట, పెళ్లి పందిట్లో పక్క కుర్చీలో కూర్చున్న పిన్నిగారిదీ అదే మాట. పరగడుపున లీటరు నీళ్లు తాగితే అలసట, తలనొప్పి, మొటిమలు, మోకాళ్ల నొప్పులు అన్నీ వరసపెట్టి పోతాయని చెప్పే వీడియోలకైతే లెక్కే లేదు. నేను పల్నాడులో ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మూత్రపిండాల పాఠం ఏటా చెప్పాలి కాబట్టి ఈ సంగతి కాస్త చదువుకున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నీళ్లు తాగితే అలసట తగ్గుతుందన్నది నిజమే, అయితే నీళ్లు చాలక వచ్చిన అలసట ఒక్కటే తగ్గుతుంది. అలాంటి అలసట ఉన్నవాళ్లకి ఈ సలహా పెద్దగా పనికిరావట్లేదు, ఎందుకంటే వాళ్లు తాగనిది తెలియక కాదు.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. పెద్దవాళ్ల బరువులో సగానికి పైగా నీరే. 60 కిలోల మనిషి బరువులో ఒక శాతం నీరు పోవడమంటే 600 మిల్లీలీటర్లు పోవడం. మే నెలలో రెంటచింతల చుట్టుపక్కల ఎండలో గట్టిగా పనిచేసే మనిషికి గంటలోనే అంత చెమట పట్టొచ్చు. నీరు తగ్గేకొద్దీ రక్తంలో ఉప్పు గాఢత పెరుగుతుంది. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ దాన్ని వెంటనే పసిగడుతుంది. వాసోప్రెసిన్ అనే హార్మోన్ విడుదలయ్యేలా చేస్తుంది, దాంతో మూత్రపిండాలు నీటిని పొదుపు చేయడం మొదలుపెడతాయి, మూత్రం ముదురు పసుపు రంగులోకి మారుతుంది. గాఢత ఒకటి రెండు శాతం పెరిగితే చాలు, దాహం కూడా వేస్తుంది. అప్పటికీ తాగకపోతే రక్తం పరిమాణం తగ్గి గుండె మరింత వేగంగా కొట్టుకోవాలి. ఒంటిని చల్లబరచడానికి చర్మానికి రక్తం పంపాలా, పనిచేసే కండరాలకి పంపాలా అని లోపల పెనుగులాట. పొద్దున సులువుగా చేసిన పనే మధ్యాహ్నం మూడింటికి కొండెక్కినంత కష్టంగా ఉంటుంది. తల పట్టేస్తుంది, పలకరించినవాళ్ల మీద విసుగొస్తుంది.

ఇదంతా ఊహ కాదు. అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయం వాళ్లు 25 మంది ఆరోగ్యంగా ఉన్న యువతుల మీద చేసిన ప్రయోగం 2012లో అచ్చయింది. వాళ్లకి బరువులో సుమారు 1.36 శాతం నీరు తగ్గేలా చేసి చూశారు. జ్ఞాపకశక్తి లాంటి పరీక్షల్లో వాళ్లేమీ పెద్దగా వెనకబడలేదు. కానీ అలసట పెరిగింది, తలనొప్పి వచ్చింది, పని కష్టంగా అనిపించింది, మనసు నిలవలేదు. అంటే పని చేయగలిగారు, కాకపోతే చచ్చీచెడీ చేసినట్టు అనిపించింది. 2014లో వచ్చిన ఇంకో అధ్యయనంలో రోజుకి 1.2 లీటర్ల లోపు తాగే అలవాటున్నవాళ్ల చేత 2.5 లీటర్లు తాగిస్తే అలసట, గందరగోళం తగ్గాయి. బాగా తాగే అలవాటున్నవాళ్లని లీటరుకి కట్టడి చేస్తే వాళ్ల స్థిమితం పోయింది.

ఈ రెంటికీ డబ్బు పెట్టింది సీసాల్లో నీళ్లు అమ్మే డానోన్ సంస్థ. పైగా మందు బిళ్లకైతే ఉత్తుత్తి బిళ్ల ఇచ్చి పోల్చి చూడొచ్చు గానీ, నీళ్లు తాగుతున్నామన్న సంగతి తాగేవాళ్లకి తెలియకుండా ఎలా దాస్తారు? కాబట్టి వీటిని తిరుగులేని రుజువులుగా నేను తీసుకోను. అయినా ఒంటి లెక్కకి సరిపోతున్నాయి కాబట్టి కొట్టిపారేయను కూడా. వాటిలో నాకు ముఖ్యమనిపించింది ఒకటుంది. లాభం కనబడింది తక్కువ తాగేవాళ్లలో. సరిపడా తాగేవాళ్లు ఇంకో రెండు లీటర్లు తాగితే ఇంకా హుషారొస్తుందని ఇవేవీ చెప్పలేదు.

మరి రోజుకి ఎనిమిది గ్లాసుల లెక్క ఎక్కణ్ణుంచి వచ్చింది? దీని మూలం 1945లో అమెరికా పోషకాహార మండలి ఇచ్చిన సిఫారసు అని చాలామంది అంటారు. అందులో మనిషికి రోజుకి 2.5 లీటర్ల నీరు కావాలని రాసి, ఆ వెంటనే దానిలో ఎక్కువ భాగం తినే తిండిలోనే ఉంటుందని కూడా రాశారు. మొదటి వాక్యం ప్రపంచమంతా తిరిగింది, రెండోది అక్కడే ఉండిపోయింది. హైంజ్ వాల్టిన్ అనే శరీరధర్మశాస్త్రవేత్త ఈ ఎనిమిది గ్లాసులకి రుజువేమైనా ఉందా అని వెతికి, ఏమీ దొరకలేదని 2002లో రాశారు. అయితే ఆయన మాట్లాడింది చల్లటి దేశాల్లో కూర్చుని పనిచేసే ఆరోగ్యవంతుల గురించి. మాచర్ల ఎండలకి దాన్ని అంటగట్టకూడదు.

మన తిండినే చూడండి. వండిన అన్నం బరువులో మూడింట రెండొంతులు నీరే. పప్పుచారు, సొరకాయ కూర, చివర మజ్జిగ పోసుకుని తింటే ఒక్క భోజనంలోనే అర లీటరుకి అటూ ఇటూగా నీరు లోపలికి పోతుంది. రోజుకి రెండు మూడు కప్పుల టీ కూడా నీటి లెక్కలోకే వస్తుంది, అలవాటున్నవాళ్లకి అది ఒంట్లో నీరు తోడెయ్యదు. ఏసీ గదిలో కూర్చుని, గంటకోసారి ఫోను మోగినప్పుడల్లా గుక్కెడు తాగే మా చుట్టాలబ్బాయికి నీళ్లు తక్కువయ్యే అవకాశం దాదాపు లేదు. అతను రాత్రి ఒంటిగంట దాకా మేలుకుని ఉంటాడు. నీరసం అక్కడ ఉంది.

ఎండలో పనిచేసేవాళ్లకి ఉత్త నీళ్లు కూడా చాలవు. చెమటతో ఉప్పు కూడా పోతుంది కదా. చల్లగా ఉప్పేసిన మజ్జిగ, గంజి, రాగి జావ, శ్రీకాకుళం వైపైతే తరవాణి, వీటన్నిట్లో నీరూ ఉప్పూ కలిసి ఉంటాయి, కాస్త బలమూ ఉంటుంది. వేసవిలో చలివేంద్రాల దగ్గర మజ్జిగ పోసేవాళ్లని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. 2015 మే నెల వడగాడ్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. అప్పట్నుంచి వడదెబ్బ అంటే మా ఊళ్లలో అందరికీ భయమే. కళ్లు తిరిగి శోష వచ్చి పడిపోయేదాకా వస్తే ఇక దాన్ని రోజువారీ అలసట అనుకోకూడదు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

విరేచనాలతో నీరు పోయినప్పుడు కావలసింది ఓఆర్ఎస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి చెబుతున్న లెక్కలో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, కొంచెం పొటాషియం క్లోరైడు, సిట్రేటు ఉంటాయి. ఆ పేరు పెట్టుకుని చక్కెర నీళ్లు డబ్బాల్లో అమ్ముతుంటే హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, ఆ లెక్కకి సరిపోని పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. నీరసంగా ఉందని మందుల షాపులో రంగు డబ్బా కొనుక్కుని తాగేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది. అందులో హుషారిచ్చేది చక్కెర, అది దిగాక మళ్లీ నీరసమే.

ఎక్కువ తాగితే ఏమవుతుందిలే అనేవాళ్లూ ఉన్నారు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరుగెత్తిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సిన దానికంటే తక్కువగా ఉంది. అందుకు ముఖ్య కారణం పరుగు మధ్యలో మరీ ఎక్కువ తాగడమే. మనలో చాలామందికి ఆ ప్రమాదం దూరమే. కానీ గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉండి డాక్టరు నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లకి వీడియో చూసి మూడు లీటర్లు పట్టించకండి.

మా అత్తయ్యది ఇంకో రకం. వయసు పైబడేకొద్దీ దాహం మొద్దుబారుతుంది. ఒంట్లో నీరు తగ్గినా మెదడు గట్టిగా అడగదు. "దాహం వేయట్లేదమ్మా, ఎందుకు తాగడం?" అంటారావిడ. ఆవిడ అబద్ధం చెప్పట్లేదు, నిజంగానే వేయదు. నాలుక పిడచకట్టుకుపోయి, మాట తడబడి, మగతగా పడుకుంటే ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందనుకుంటారు. పెద్దవాళ్ల విషయంలో మటుకు నేను దాహాన్ని నమ్మను. పూటకో గ్లాసు మజ్జిగో, పలచటి చారో చేతికిచ్చి తాగేదాకా పక్కనే కూర్చుంటాను. అదేదో పెద్ద సేవ అని కాదు, లేకపోతే గ్లాసు కిటికీలో అలాగే ఉంటుంది.

ఇప్పుడు నీళ్లతో పోని అలసట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019 నుంచి 2021 దాకా జరిగింది. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని అందులో తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మగవాళ్లలో దేశం మొత్తానికి 25 శాతం. అంటే మీతో "నీరసంగా ఉందక్కా" అన్న ఆడమనిషికి రక్తం తక్కువగా ఉండే అవకాశం సగం కంటే ఎక్కువ. ఆమెకి నీళ్లు తాగమని చెప్పి పంపేస్తే ఏమవుతుంది? తాగుతుంది, నీరసం తగ్గదు, నేనే సరిగ్గా తాగట్లేదేమో అనుకుంటుంది. ఇంకో ఏడాది అలాగే గడిచిపోతుంది. ఈ సలహా మీద నా కోపమల్లా ఇదే. ఖర్చు లేని సలహా కాబట్టి మంచిదే కదా అంటారు. ఆమె పరీక్ష చేయించుకోకుండా గడిపిన ఆ ఏడాది ఖర్చు కాదా?

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్షకి డబ్బు అడగరు. గర్భం లేని ఆడవాళ్లకి 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. బడిలో వారానికోసారి ఐరన్ మాత్ర ఇస్తాం, నీలం రంగుది. వాంతి వచ్చినట్టుంటుందని కొందరు పిల్లలు నాలుక కింద దాచి కిటికీలోంచి ఉమ్మేస్తారు. అన్నం తిన్నాక వేసుకుంటే ఆ బాధ చాలావరకు ఉండదు. అన్నం తినగానే టీ తాగే అలవాటు మాత్రం మానాలి, తిండిలో ఉన్న ఇనుము ఒంటికి పట్టకుండా అది అడ్డుపడుతుంది. గంట ఆగి తాగితే చాలు. థైరాయిడ్ సంగతీ ఇంతే, పరీక్ష చేయిస్తే తప్ప బయటపడదు. షుగరైతే ఇంకో తిరకాసు. ఎంత తాగినా దాహం తీరదు, మాటిమాటికీ మూత్రం, దాంతోపాటు నీరసం. అలాంటి మనిషికి ఇంకా నీళ్లు తాగమని చెప్పడమంటే జబ్బుని ఇంకొన్నాళ్లు దాచిపెట్టడమే. దేశంలో 10 కోట్ల మందికి షుగరుందని 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. ఇక నాలుగున్నరకి లేచి, అందరికీ క్యారేజీలు సర్ది, రాత్రి పదకొండింటికి గిన్నెలు కడిగి పడుకునే మనిషి అలసటకి ఏ పరీక్షా అక్కర్లేదు, ఏ గ్లాసూ చాలదు.

ఇవన్నీ తీసేశాక మిగిలేది నిజంగా నీళ్లు చాలక వచ్చే అలసట. అది ఎవరిలో ఉంది? నాకు కనబడినంతవరకు మా బడి ఆడపిల్లల్లో ఉంది. పొద్దున ఇంటి దగ్గర నింపుకొచ్చిన సీసా సాయంత్రం అలాగే తిరిగి వెళ్తుంది. పక్క ఊళ్ల నుంచి ఆటోల్లో వచ్చేవాళ్లు ఏడున్నరకి బయల్దేరతారు. "బళ్లో ఎక్కువ తాగకే, మళ్లీ వెళ్లాల్సొస్తుంది" అని తల్లులే చెప్పి పంపుతారు. ఆ తల్లుల్ని తప్పు పట్టలేను, వాళ్లూ అదే బళ్లలో అలాగే చదువుకున్నారు. మధ్యాహ్నం ఐదో పీరియడ్‌కి క్లాసులో సగంమంది తల పట్టుకుని బెంచీల మీద వాలిపోతుంటే శ్రద్ధ లేదని కసురుకునే టీచర్లున్నారు. అసలు ఆ టీచర్ల సంగతి వాళ్లని అడగండి. మాలో చాలామందికి స్టాఫ్ రూములో గ్లాసెడు నీళ్లు తాగే ముందు టైమెంతయిందో చూసుకోవడం అలవాటు.

మరుగుదొడ్లు లేవని కాదు. కొత్తవి కట్టారు, టైల్సు వేశారు, గోడల మీద బొమ్మలు కూడా వేశారు. కానీ మోటారు కాలిపోతే ట్యాంకులో నీళ్లుండవు. ఒక తలుపుకి గడియ ఉండదు, కాబట్టి స్నేహితురాలు బయట కాపలా నిలబడాలి. నెలసరి రోజుల్లో ప్యాడ్లు పడెయ్యడానికి మూతున్న బుట్ట ఉండదు. ఇంటర్వెల్ పది నిమిషాలు, వరసలో ముప్ఫై మంది. ఇవన్నీ లెక్కేసుకుని పదమూడేళ్ల పిల్ల చాలా తెలివిగా ఒక నిర్ణయానికొస్తుంది, తాగకపోతే సరిపోతుంది అని. ఆ పిల్లకి నీళ్ల గొప్పతనం గురించి నేను పాఠం చెప్పాలి!

బడి బయటా ఇంతే. మా వైపు ఫిబ్రవరి నుంచి మిరప కోతలు. తెల్లారకముందే ఆటోల్లో ఆడవాళ్లు చేలకి వెళ్తారు. రైతు నీళ్ల క్యాన్లు తెచ్చి పెడతాడు, నీళ్లకి కొరత ఉండదు. కానీ నడుమెత్తు మిరప చేలో చాటు ఎక్కడుంది? పైగా మిరపకాయలు కోసిన చేతులు. ఎన్ని నీళ్లతో కడిగినా ఆ మంట పోదు, ఆ చేతులతో మూత్రానికి వెళ్లడమంటే ఏమిటో కోతకి వెళ్లినవాళ్లకే తెలుసు. అందుకే పెదవులు తడుపుకుని ఊరుకుంటారు. సాయంత్రం దిగేసరికి తల పగిలిపోతుంటుంది, ఆటో దిగాక మందుల షాపులో తలనొప్పి బిళ్ల కొనుక్కుంటారు. చీరల షాపుల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే అమ్మాయిలదీ ఇదే కథ. కేరళలో షాపు ఉద్యోగినులు కూర్చోవడానికి కుర్చీ కావాలని పోరాడితే 2018లో చట్టం మార్చారు. కోళికోడ్‌లో ఆ పోరాటం మొదలైందే మరుగుదొడ్ల దగ్గర.

ఇలా తాగకుండా, ఆపుకుంటూ ఉంటే అలసటతో పోదు. మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు, రాళ్లు దాకా వెళ్తుంది. మాటిమాటికీ మూత్ర ఇన్ఫెక్షన్ వచ్చే 140 మంది ఆడవాళ్లలో కొందరిచేత రోజుకి లీటరున్నర నీళ్లు అదనంగా తాగించి చూసిన అధ్యయనం 2018లో వచ్చింది. వాళ్లంతా అంతకుముందు లీటరున్నర లోపు తాగేవాళ్లే. అదనంగా తాగినవాళ్లలో ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి. దీనికీ డానోన్ సొమ్మే, అయినా మా స్టాఫ్ రూములో ఎవర్నడిగినా ఇదే చెబుతారు.

2019లో కేరళ బళ్ల నుంచి వాటర్ బెల్ పద్ధతి దేశమంతా పాకింది. మన రెండు రాష్ట్రాల్లోనూ వచ్చింది. బెల్లు కొట్టగానే పిల్లలంతా సీసా తీసి తాగాలి. మంచి ఆలోచనే, మగపిల్లలకి బాగా పనిచేసింది కూడా. ఆడపిల్లలు సీసా ఎత్తి, తాగినట్టు నటించి, దించేస్తారు. నేను చూస్తున్నానని కొందరు రెండు గుక్కలు మింగుతారు. బెల్లు కొట్టడానికి ఖర్చు లేదు కాబట్టి అది ముందు వచ్చింది, మిగతావి ఖర్చుతో పని కాబట్టి వెనకబడ్డాయి.

ఇంట్లో ఉండేవాళ్లకి నేను చెప్పేది చిన్న విషయం. మూత్రం రంగు చూసుకోండి. లేత పసుపులో ఉంటే మీకు నీళ్లు సరిపోతున్నాయి, మీ నీరసానికి కారణం ఇంకోటి ఉంది, వెళ్లి రక్త పరీక్ష చేయించుకోండి. ముదురుగా ఉంటే రెండు వారాలు ఇంకాస్త ఎక్కువ తాగి చూడండి. బి విటమిన్ మాత్రలు వేసుకునేవాళ్లకి మాత్రం ఈ గుర్తు పనిచేయదు, ఆ మాత్రలే మూత్రానికి రంగిస్తాయి.

బడి సంగతికొస్తే, మొన్న తల్లిదండ్రుల కమిటీలో నేను నీళ్ల గురించి మాట్లాడలేదు. గడియ గురించి మాట్లాడాను. ఒక తండ్రి వడ్రంగి, ఆ సాయంత్రమే వచ్చి రెండు తలుపులకీ బిగించి వెళ్లాడు, డబ్బు కూడా తీసుకోలేదు. మూతున్న బుట్టలు మేం టీచర్లం కొన్నాం. ఎనిమిదో తరగతి పిల్లల సీసాలు ఇప్పుడు కొన్ని సాయంత్రానికి ఖాళీ అవుతున్నాయి, అన్నీ కాదు. మోటారు రిపేరుకి ఎస్టిమేట్ వేయించి పంపాం, ఇంకా జవాబు రాలేదు. ఈలోగా ఆయమ్మ రోజూ బోరింగు కొట్టి డ్రమ్ము నింపుతోంది. ఆమెకి ఆ పని కట్టబెట్టింది మేమే, దానికి జీతం మాత్రం ఎవరూ పెంచలేదు. వచ్చే మీటింగులో మోటారుతో పాటు అదీ అడగాలి.